అమెరికా కోర్టులో "లాయర్ వద్దు" అని సంతకం పెట్టే ముందు: మీకున్న దారులు, ఒక్కోదానికి అయ్యే ఖరీదు

మొదటి హాజరు రోజున చాలా కోర్టుల్లో ఒక కాగితం చేతికిస్తారు. రాష్ట్రాన్ని బట్టి ఫారం మారుతుంది గానీ సారం ఒకటే. మూడు గళ్లు ఉంటాయి. లాయర్‌ని నేనే పెట్టుకుంటాను. నాకు స్తోమత లేదు, కోర్టే ఇప్పించాలి. లాయర్ వద్దు, నా కేసు నేనే చూసుకుంటాను. మూడో గడిలో టిక్కు పెట్టి కింద సంతకం చేస్తే చిన్న కేసు చాలాసార్లు ఆ పూటే తేలిపోతుంది. ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) ఒక ఆఫర్ చెబుతాడు, మీరు గిల్టీ అంటారు, ఫైన్ కట్టి మధ్యాహ్నం క్లాసుకు వెళ్లిపోతారు.

మన పిల్లలకు ఆ మూడో గడి మీద మొగ్గు ఎక్కువ. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇంట్లో తెలియకూడదు, రూమ్మేట్లకు అసలే తెలియకూడదు. లాయర్ ఫీజంటే రెండు మూడు నెలల అద్దె. పైగా ఊళ్లో చూసిన అలవాటు ఒకటుంది. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే కౌన్సెలింగ్‌కి వెళ్లడం, కోర్టులో తప్పు ఒప్పుకోవడం, జడ్జి వేసిన ఫైన్ కట్టి బయటపడటం. "ఒప్పేసుకుంటే అయిపోతుంది అన్నా" అనే సలహా అక్కడి నుంచి ఇక్కడికి మనతోపాటే వచ్చింది.

ఎఫ్-1, ఓపీటీ, హెచ్-1బీ, హెచ్-4, గ్రీన్ కార్డు, వీటిలో దేనిమీదున్నా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కేసు చిన్నదా పెద్దదా అని చూసి లాయర్ సంగతి తేల్చకండి. ఆ ప్లీ (గిల్టీ అనో కాదనో మీరు కోర్టుకు చెప్పే మాట) వల్ల మీ వీసా ఏమవుతుందో చెప్పి తీరాల్సిన మనిషి ఆ కోర్టు హాల్లో ఒక్కరే ఉంటారు, మీ లాయర్. మూడో గడిలో టిక్కు పెడితే ఆ మనిషి లేకుండా పోతారు.

హక్కు ఎక్కడిది, ఎంతవరకు

క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడిని 1961లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ హాల్‌లోకి చొరబడి దొంగతనం చేశాడని పట్టుకున్నారు. లాయర్‌ని ఇప్పించమంటే జడ్జి కుదరదన్నాడు. తనే వాదించుకున్నాడు, ఐదేళ్ల శిక్ష పడింది. జైల్లోంచి పెన్సిల్‌తో రాసిన పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేద నిందితుడికి రాష్ట్రమే లాయర్‌ని ఇవ్వాలని 1963లో తీర్పు వచ్చింది. అంతకంటే మనకు పనికొచ్చేది తర్వాతి భాగం. కేసు మళ్లీ విచారణకొచ్చింది. అదే జడ్జి, అదే ముఖ్య సాక్షి. ఈసారి పక్కన ఫ్రెడ్ టర్నర్ అనే స్థానిక లాయర్ ఉన్నాడు. ఆ సాక్షి మాటలో లొసుగులు బయటపెట్టాడు. గిడియన్ నిర్దోషిగా బయటికొచ్చాడు.

లాయర్‌ని కాదనే హక్కు కూడా ఉందని 1975లో ఫరెట్టా కేసులో అదే సుప్రీంకోర్టు 6-3 తేడాతో చెప్పింది. లాస్ ఏంజెలెస్‌లో దొంగతనం కేసు ఎదుర్కొంటున్న ఆంథొనీ ఫరెట్టా, పబ్లిక్ డిఫెండర్ (స్తోమత లేనివాళ్లకు ఇచ్చే ప్రభుత్వ జీతపు లాయర్) ఆఫీసు మీద కేసుల భారం మరీ ఎక్కువగా ఉందని, తన కేసు తానే చూసుకుంటానని అడిగాడు. ఇప్పుడు జడ్జిలు "నీకు నేరారోపణ అర్థమైందా? గరిష్ఠ శిక్ష తెలుసా? లాయర్లకుండే రూల్సే నీకూ ఉంటాయని తెలుసా?" అని వరసగా ప్రశ్నలు వేసి, తెలిసే, ఎవరి బలవంతం లేకుండా వదులుకుంటున్నారని రికార్డు చేసుకునేది ఆ కేసు వల్లే. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. సొంతంగా వాదించుకుని ఓడినవాడు తర్వాత "నాకు సరైన న్యాయ సహాయం అందలేదు" అని అప్పీలు చేసుకోలేడు.

మనం పౌరులం కాదు కదా, ఈ హక్కులు మనకెందుకొస్తాయని కొందరి అనుమానం. క్రిమినల్ విచారణలో రాజ్యాంగ రక్షణలు విదేశీయులకూ వర్తిస్తాయని 1896లోనే తేలింది. అలాగే పబ్లిక్ డిఫెండర్‌ని తీసుకుంటే ప్రభుత్వ సాయం తిన్నట్టవుతుందని, రేపు గ్రీన్ కార్డుకు అడ్డొస్తుందని ఒక భయం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతుకుతారా అని గ్రీన్ కార్డుకు చూసేది) లెక్కలో చూసేవి వేరు, కోర్టు ఇచ్చిన లాయర్ అందులోకి రాడు.

హక్కుకు ఒక హద్దు మాత్రం ఉంది. 1979 నాటి స్కాట్ కేసులో అసలు విషయమే షాప్‌లిఫ్టింగ్. ఇల్లినాయిలో లాయర్ లేకుండా విచారించి 50 డాలర్ల ఫైన్ వేశారు. జైలు శిక్ష వేయలేదు కాబట్టి ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వకపోయినా ఫర్వాలేదని సుప్రీంకోర్టు అంది. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే ఉదారంగా ఉంటాయి. కానీ చాలాచోట్ల ప్రాసిక్యూటర్ "మేం జైలు అడగం" అన్న వెంటనే ఉచిత లాయర్ తలుపు మూసుకుపోవచ్చు. జైలు లేకపోయినా వీసా చిక్కు ఉండే కేసు సరిగ్గా ఆ సందులో పడుతుంది. అలాంటప్పుడు సొంత డబ్బు పెట్టడం తప్ప దారి ఉండదు.

సొంతంగా చూసుకోవడం

సొంతంగా వాదించుకునేవాళ్లంతా మూర్ఖులేం కాదు. ఎరికా హషిమోటో అనే లా ప్రొఫెసర్ 2007లో రాష్ట్ర కోర్టుల ఫెలొనీ (పెద్ద నేరాల) కేసుల గణాంకాలు చూసి, లాయర్ లేనివాళ్ల ఫలితాలు లాయర్ ఉన్నవాళ్ల కంటే అధ్వానంగా ఏమీ లేవని రాశారు. ఆ లెక్క చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అది కేసు గెలుపోటముల లెక్క. వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు ఏం జరిగిందన్నది అందులో ఉండదు.

రెండో వైపు కూడా చూడండి. విస్కాన్సిన్‌లోని వాకెషాలో క్రిస్మస్ పరేడ్ మీదికి కారు నడిపిన డారెల్ బ్రూక్స్ 2022లో లాయర్లను వద్దని తానే వాదించుకున్నాడు. 76 అభియోగాలన్నిటిలోనూ దోషి అయ్యాడు. ఆయన కేసు మనకు పోలిక కాదు, కానీ ఆ విచారణ లైవ్‌లో చూసినవాళ్లకు ఒక సంగతి అర్థమయ్యే ఉంటుంది. అభ్యంతరం ఎప్పుడు చెప్పాలో, ఏ సాక్ష్యం లోపలికి రాదో తెలియనివాడికి జడ్జి పాఠం చెప్పడు.

మనవాళ్ల కేసులు అంతదాకా వెళ్లవు. దాదాపు అన్నీ ప్లీ దగ్గరే ముగుస్తాయి. అందుకే మనకు దగ్గరి ఉదాహరణ టోవర్ కేసు. అయోవాలోని ఏమ్స్‌లో ఒక 21 ఏళ్ల కాలేజీ కుర్రాడు 1996లో తాగి నడిపి దొరికాడు. లాయర్ వద్దన్నాడు, గిల్టీ అన్నాడు, అయిపోయిందనుకున్నాడు. 2000లో మూడోసారి దొరికినప్పుడు ఆ మొదటి ప్లీని కూడా లెక్కలో కలిపి ఫెలొనీ పెట్టారు. "లాయర్ లేకపోతే ఏం నష్టమో జడ్జి నాకు విడమరచి చెప్పలేదు" అని అతను సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అంత విడమరచి చెప్పాల్సిన పని జడ్జికి లేదని 2004లో తేల్చేశారు.

అసలు చిక్కు: కోర్టు మాట ఒకటి, ఇమిగ్రేషన్ లెక్క ఒకటి

దీని మీద కాస్త ఆగి చదవండి, ఎందుకంటే డబ్బుండి, తెలివుండి కూడా మనవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే.

క్రిమినల్ కోర్టు "కన్విక్షన్ కాదు" అన్నదాన్ని ఇమిగ్రేషన్ చట్టం కన్విక్షన్ (దోషిగా తేలడం) అనవచ్చు. 1996లో మార్చిన నిర్వచనం ప్రకారం మీరు తప్పు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో షరతో పెడితే చాలు, తర్వాత కేసు కొట్టేసినా అది కన్విక్షనే. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తామంటారు. గిల్టీ అనో నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను గానీ ఎదురు వాదించను) అనో చెప్పి, కొన్నాళ్లు ప్రొబేషన్‌లో ఒద్దికగా ఉంటే కేసు కొట్టేస్తారు. స్థానికుడికి అది మంచి బేరమే. మనకు ప్లీ చెప్పిన రోజే కన్విక్షన్ అయిపోయింది. న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల్లో కండిషనల్ డిస్మిసల్ అని ఉంది, పేరు వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. అందులోనూ ముందు గిల్టీ చెప్పాలి. న్యూయార్క్‌లో ఏసీడీ అనేది మాత్రం వేరు. ఏ ప్లీ లేకుండా కేసు వాయిదా వేసి, ఆ తర్వాత కొట్టేస్తారు. అది కన్విక్షన్ కాదు. మూడు రాష్ట్రాల్లో మూడూ "కేసు కొట్టేస్తారు" అనే మాటతోనే వస్తాయి. హాల్లో నిలబడి రెండు నిమిషాల్లో ఆ తేడా పట్టుకోవాలంటే ఆ పని రోజూ చేసేవాళ్లకే సాధ్యం.

ఇంకోటి, ఒక్క రోజు తేడా. దొంగతనాన్ని సాధారణంగా "మోరల్ టర్పిట్యూడ్" నేరంగా, అంటే నైతికంగా దిగజారుడు నేరంగా లెక్కిస్తారు. దేశంలోకి అడ్మిట్ అయిన ఐదేళ్ల లోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకుమించి శిక్ష పడే వీలుంటే డిపోర్టేషన్‌కి అది ఒక్కటే చాలు. నిజంగా ఎంత పడిందన్నది కాదు, ఎంత పడవచ్చన్నది చూస్తారు. టెక్సస్‌లో 750 డాలర్ల నుంచి 2,500 లోపు దొంగతనం క్లాస్ ఏ మిస్‌డిమీనర్ (ఫెలొనీ కంటే చిన్న నేరం), గరిష్ఠం ఏడాది. 100 నుంచి 750 లోపయితే క్లాస్ బీ, 180 రోజులు. 100 లోపయితే క్లాస్ సీ, ఫైన్ మాత్రమే. బిల్లు 780 డాలర్లయిందని క్లాస్ ఏ పెట్టారనుకోండి. సొంతంగా వెళ్లినవాడు "ఫైన్ ఎంత, కమ్యూనిటీ సర్వీస్ ఎన్ని గంటలు" అని బేరమాడతాడు. తెలిసిన లాయర్ క్లాస్ బీకో సీకో దించమని, లేదా దొంగతనం కాని వేరే సెక్షన్‌కి మార్చమని అడుగుతాడు, ఫైన్ కాస్త పెరిగినా సరే అంటాడు. ఈ ఏడాది అనే గీత వల్లే కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019 నుంచి మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షను 364 రోజులకు దించాయి.

ఈ సంగతులు క్లయింటుకి చెప్పడం లాయర్ విధి అని 2010లో పడీలా కేసులో సుప్రీంకోర్టు అంది. వియత్నాం యుద్ధంలో పనిచేసి, నలభై ఏళ్లకు పైగా గ్రీన్ కార్డు మీదున్న హోసే పడీలాకి అతని లాయర్ "ఇన్నేళ్లుగా ఉన్నావు, నీకేం భయం లేదు" అని చెప్పాడు. డిపోర్టేషన్ నెత్తిన పడింది. లాయర్ తప్పు చెప్పాడు కాబట్టే అతనికి పోరాడేందుకు ఒక దారి దొరికింది. లాయరే లేనివాడికి ఆ దారి కూడా ఉండదు. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల ప్లీకి ముందు "మీరు పౌరులు కాకపోతే డిపోర్టేషన్ ఉండవచ్చు" అని జడ్జి ఒక వాక్యం చదువుతారు. అది అందరికీ చదివే వాక్యం, మీ కేసు చూసి ఇచ్చే సలహా కాదు.

ఇమిగ్రేషన్ కోర్టు దాకా వెళ్తే అక్కడ ప్రభుత్వం ఖర్చుతో లాయర్‌ని ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోండి. ఉచితంగా దొరికేది ఈ మొదటి కోర్టులోనే.

పబ్లిక్ డిఫెండర్

"గవర్నమెంట్ లాయర్ కదా, ప్రాసిక్యూటర్‌తో కలిసిపోతాడు" అనేది మన దగ్గర బాగా పాతుకున్న అనుమానం. జీతం ప్రభుత్వానిదే, పని మాత్రం మీది. రోజూ అదే జడ్జి ముందు, అదే ప్రాసిక్యూటర్ ముందు నిలబడతారు కాబట్టి ఏ ఆఫర్ నిజంగా మంచిదో వాళ్లకు తెలిసినంతగా బయటి ఖరీదైన లాయర్‌కి కూడా ఒక్కోసారి తెలియదు. బ్రాంక్స్, బ్రూక్లిన్ లాంటి చోట్ల డిఫెండర్ సంస్థల్లోనే ఇమిగ్రేషన్ నిపుణులు ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రమంతటా ఇలాంటి సలహా ఇచ్చే ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అక్కడ నేనైతే రెండో ఆలోచన లేకుండా పబ్లిక్ డిఫెండర్‌నే తీసుకుంటాను.

లోటేమిటంటే టైమ్. ఒక లాయర్ ఏడాదికి 400 మిస్‌డిమీనర్లు మించి చూడకూడదని 1973లోనే ఒక జాతీయ ప్రమాణం పెట్టారు, ఆ 400 కూడా ఎంత ఎక్కువో ఆలోచించండి. మీకిచ్చిన మనిషిని మీరు ఎంచుకోలేరు. కాబట్టి మొదటి మాటగానే చెప్పాలి: నేను పౌరుణ్ని కాను, ఫలానా వీసా మీదున్నాను, ఫలానా తేదీన అడ్మిట్ అయ్యాను, ఇమిగ్రేషన్ ప్రభావం తేలేదాకా ఏ ప్లీ వద్దు. ఐ-94 (దేశంలోకి అడ్మిట్ అయిన రికార్డు) కాపీ చేతిలో పెట్టండి. అడగకుండా వాళ్లకు తెలియదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అదీ ముందే చెప్పాలి. తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద వచ్చి చిక్కుకున్న కేసుల్లో ఇది తప్పనిసరి, కొడుకో కూతురో అనువాదం చేస్తామంటే కుదరదు.

ఆదాయ పరీక్ష ఉంటుంది. సంపాదన లేని విద్యార్థికి చాలాచోట్ల దొరుకుతుంది, హెచ్-1బీ జీతంతో దాదాపు దొరకదు. పూర్తిగా ఉచితమూ కాదు, కొన్ని రాష్ట్రాల్లో దరఖాస్తు ఫీజు ఉంటుంది. న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల్లో అది 200 డాలర్ల వరకు ఉండవచ్చు.

ప్రైవేట్ లాయర్, మధ్యేమార్గాలు

డబ్బు పెట్టేటప్పుడు మనవాళ్లు ముందుగా ఫోన్ చేసేది కంపెనీ హెచ్-1బీ ఫైల్ చేసిన ఇమిగ్రేషన్ లాయర్‌కి. ఆయనకు మీ కంపెనీ కూడా క్లయింటే. మీ అరెస్టు సంగతి ఆయన చెవిన వేసే ముందు అది ఎక్కడిదాకా పోతుందో అడగండి. మీకు కావాల్సింది ఆ కౌంటీ కోర్టులో రోజూ తిరిగే క్రిమినల్ లాయర్, ఆయనకు తోడు ఇమిగ్రేషన్-క్రిమినల్ రెండూ తెలిసిన ఒకరు. ఇద్దరినీ పూర్తిగా పెట్టుకోలేకపోతే క్రిమినల్ వైపు పబ్లిక్ డిఫెండర్‌ని తీసుకుని, రెండో వాళ్ల దగ్గర ఒక గంట కన్సల్టేషన్ మాత్రం కొనుక్కోండి. పెట్టిన డబ్బుకి ఇంతకంటే ఫలితమిచ్చే దారి నాకు కనిపించలేదు. ఫ్లాట్ ఫీ అంటే అందులో ట్రయల్ కూడా ఉందో లేదో రాతలో తీసుకోండి. "మనవాడే, తెలుగాయనే" అన్నది అర్హత కాదు. తానా, ఆటా లాంటి సంఘాల్లో అడిగితే పేర్లు దొరుకుతాయి, ఆ పేరుని రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

స్టాండ్‌బై కౌన్సెల్ అని ఇంకోటి ఉంది. మీరే వాదించుకుంటారు, పక్కన కోర్టు పెట్టిన లాయర్ కూర్చుంటారు. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జి ఇష్టం. ట్రయల్ దాకా వెళ్లే కేసుకే దానివల్ల లాభం.

ఏ కేసుకి ఏది

పార్కింగ్ టికెట్, మామూలు స్పీడింగ్ టికెట్: సొంతంగా వెళ్లొచ్చు. కానీ టికెట్ మీద సెక్షన్ చదవండి. వర్జీనియాలో 85 మైళ్లు దాటితే అది రెక్‌లెస్ డ్రైవింగ్, జైలు పడగల క్లాస్ 1 మిస్‌డిమీనర్. వాషింగ్టన్ వెళ్తూ ఐ-95 మీద దొరికినవాళ్లు అదీ స్పీడింగ్ టికెట్టే అనుకుని ఆన్‌లైన్‌లో కట్టేద్దామని చూస్తారు.

డీయూఐ (తాగి నడపడం): ఒక్క మామూలు డీయూఐ వల్ల సాధారణంగా డిపోర్టేషన్ రాదు. కానీ అరెస్టు అయితే చాలు, కన్విక్షన్ లేకుండానే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. దానివల్ల ఉన్నపళంగా స్టేటస్ పోదు గానీ, ఇండియా వెళ్లొస్తే కొత్త స్టాంపింగ్ కావాలి. లైసెన్సు గొడవ వేరే ఉంటుంది. లాయర్ ఉండాల్సిందే, ప్రైవేటా పబ్లిక్ డిఫెండరా అన్నది మీ జేబుని బట్టి.

షాప్‌లిఫ్టింగ్, గృహ హింస, డ్రగ్స్, మోసం: మూడో గడి జోలికి వెళ్లకండి. మొత్తం 20 డాలర్లే కావచ్చు. 2025 ఏప్రిల్‌లో చిన్నచిన్న పోలీసు రికార్డులున్న విద్యార్థుల సెవిస్ (విద్యార్థి వీసాల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు కూడా రద్దు చేశారు, కేసులు పడ్డాకే తిరిగి ఇచ్చారు. కొట్టేసిన కేసు కూడా కంప్యూటర్లో కనిపిస్తూనే ఉంటుంది. డీఎస్-160 వీసా దరఖాస్తులో అరెస్టు గురించి అడిగిన ప్రశ్నకు "లేదు" అని రాస్తే అదింకో నేరం.

పౌరసత్వం వచ్చేసినవాళ్లకు ఈ భయాలు లేవు. ఫైన్ మాత్రమే పడే చిన్న కేసులో, సాక్ష్యాలు చూసుకుని, ఒకసారి ఎవరినైనా అడిగి సొంతంగా వెళ్లడం వాళ్లకు సబబే కావచ్చు.

స్టేషన్‌లో వదులుకునేది వేరు

కోర్టులో ఫారం నింపడానికి ముందే చాలామంది లాయర్‌ని వదులుకుని ఉంటారు, పోలీసుల దగ్గర. మిరాండా హక్కులు (మాట్లాడకుండా ఉండే హక్కు, లాయర్‌ని అడిగే హక్కు) చదివాక "మేబీ నేను లాయర్‌తో మాట్లాడాలేమో" అంటే అడిగినట్టు కాదని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మర్యాద భాష ఇక్కడ పనిచేయదు. "నాకు లాయర్ కావాలి, లాయర్ లేకుండా మాట్లాడను" అని సూటిగా చెప్పాలి. ఆ మాట అన్నాక ప్రశ్నలు ఆపాల్సిందే. షాపు వెనక గదిలో కూర్చోబెట్టే లాస్ ప్రివెన్షన్ వాళ్లు (దొంగతనాలు పట్టే షాపు సిబ్బంది) పోలీసులు కారు, వాళ్లు ఏ హక్కులూ చదవరు. అక్కడ "ఇది సంతకం పెడితే పంపించేస్తాం" అనే కాగితం మీ ఒప్పుకోలు. ఆ తర్వాత డబ్బు కట్టమని షాపు తరఫున ఒక ఉత్తరం వస్తుంది. అది సివిల్ బాకీ, అది కడితే క్రిమినల్ కేసు పోదు.

మొదటి హాజరులో ఏం చెప్పాలో తోచకపోతే రెండే మాటలు: "నాట్ గిల్టీ. లాయర్‌ని పెట్టుకోవడానికి టైమ్ కావాలి." జడ్జిలకు ఇది రోజూ వినే మాటే, చాలాసార్లు వాయిదా ఇస్తారు. దానివల్ల ఏ దారీ మూసుకుపోదు. ఆ వాయిదా తేదీ తప్పితే మాత్రం వారంట్ వస్తుంది.

ఇప్పటికే సంతకం పెట్టి గిల్టీ చెప్పేసి ఉంటే, కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు పత్రం) కాపీ, చార్జిషీటు కాపీ తీసుకోండి. వాటితో ఇమిగ్రేషన్-క్రిమినల్ తెలిసిన లాయర్ దగ్గరకు వెళ్లండి, టికెట్ బుక్ చేసుకోకముందే. ప్లీని వెనక్కి తీసుకునే గడువులు కొన్ని రాష్ట్రాల్లో చాలా చిన్నవి. కాలిఫోర్నియాలో ఆ హెచ్చరిక వాక్యం జడ్జి చదవలేదని తేలితే ప్లీని రద్దు చేయించుకునే వీలుంది, అందుకే ఆ రోజు హియరింగ్ ట్రాన్‌స్క్రిప్ట్ కూడా అడిగి పెట్టుకోండి.